చదివే వరుస

ఇక్కడే కూర్చో, కదలకు, స్టాంపులు అంటించుకుని వచ్చేస్తాను అని చెప్పి వెళ్లాడు మెద్‌హత్ అన్నయ్య, కదలకు అనడం ఎందుకో, నలభై అయిదేళ్లుగా నాతో అందరూ మొదట అనే మాట అదే, చూపు లేని మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టగానే ఎంత మంచివాళ్ల నోటి నుంచైనా అది ఊడిపడుతుంది, నేనేదో గాలికి కొట్టుకుపోయే కాగితం అయినట్టు. కదలను లెండి. రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో కదలడానికి చోటెక్కడుంది, ఎడమవైపు ఎవరో ముసలాయన తడి దగ్గు, కుడివైపు ఇద్దరు ఆడవాళ్లు పెళ్లివారి గురించి పోట్లాట, ఎదురుగా కిటికీ దగ్గర ముద్ర కొట్టే చప్పుడు, ఠప్, ఠప్, మధ్యలో ఎక్కడో టీ గ్లాసులో చెంచా. తొమ్మిదేళ్ల వయసు వరకు నాకు చూపుంది కాబట్టి వరండా అంటే పసుపు రంగు గోడలు గుర్తుకొస్తాయి, ఇప్పుడు ఏ రంగు వేశారో నాకు తెలియదు, నా వరకు ఆఫీసులన్నీ పసుపే. ఇంకో గంటలో పని అయిపోతుందని అన్నయ్య అన్నాడు. ఇంకో గంటలో మా అలెగ్జాండ్రియాలో, కాంప్ షేజర్‌లోని అమ్మ ఫ్లాటు మొత్తంగా నాదైపోతుంది. మా ఇస్లాం ధర్మం ప్రకారం కొడుక్కి రెండు భాగాలు, కూతురికి ఒక భాగం, ఆ రెండు భాగాలూ అన్నయ్య నాకు రాసిచ్చేస్తున్నాడు. అమ్మ పోయి నలభై రోజుల ప్రార్థనలు అయిన మర్నాడే కాగితం మెయిల్లో పంపాడు, నువ్వే చదువుకో, నువ్వు ఒకరి మీద ఆధారపడే మనిషివి కాదుగా అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సిగ్గు ఇప్పుడు వచ్చింది, ఈ అరగంటలో. అంతకుముందు నేను మహా సంతోషంగా ఉన్నాను, అన్నయ్య ఆలస్యం చేస్తున్నాడని విసుక్కోలేదు కూడా, సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుని చెవుల్లో వైర్లు పెట్టుకుని నాలుగు గంటల క్లాసుకు పాఠం సిద్ధం చేసుకుందామనుకున్నాను. మా సంఘంలో చూపు లేనివాళ్లకు కంప్యూటర్ చెబుతాను నేను, పద్దెనిమిదేళ్లుగా. ఈ వారం పాఠం పీడీఎఫ్ కాగితాలు, వాటిని చదివే వరుస. కాగితం మీద ఏముందన్నది ఒక సంగతి, దాన్ని ఏది ముందు ఏది వెనక అని చదవాలన్నది ఇంకో సంగతి, కళ్లున్నవాళ్లకు ఈ తేడా తెలియదు, వాళ్ల చూపే పరిగెత్తి సర్దుకుంటుంది, మనకు మాత్రం మెషీన్ ఏది ముందు చెబితే అదే ముందు. కాగితాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ లోపలికి వెళ్తే మూడు దారులు చూపిస్తుంది. ఒకటి, కాగితాన్ని చూసి నువ్వే తేల్చుకో. రెండు, ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి. మూడు, టైపు చేసినవాడు ఏది ముందు కొట్టాడో అదే ముందు. గమనించారా, మన అరబీ రాత నడిచే దారి, కుడి నుంచి ఎడమకు, ఆ పట్టీలో లేనే లేదు, దీన్ని తయారు చేసినవాడికి మనం గుర్తు రాలేదు, అని ప్రతి ఏడూ చెబుతాను, ప్రతి ఏడూ అందరూ నవ్వుతారు. రెండోదాని జోలికి పోకండర్రా, ఇంగ్లిష్ కాగితమైతే తప్ప, అంటాను. ఆ జోలికి పోయినవాడు మా క్లాసులో హోస్నీ. రైళ్ల పట్టీని ఎడమ నుంచి చదివించుకుని, రైలు కైరో చేరే వేళకు ఇక్కడ మా ఊరి సీదీ గాబిర్ స్టేషనుకి వెళ్లి నిలబడ్డాడు, సంచీ, కర్ర, అత్తగారికని పట్టుకున్న తీపి డబ్బాతో సహా. క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. హోస్నీ, కాగితాన్ని ముందు అడగాలయ్యా, అమ్మా నువ్వు ఏ చేతి నుంచి మొదలవుతావు అని, అన్నాను. తెలివి ఎక్కువైన మనిషిని కదా.

అలాంటి ఉదాహరణ ఇంకొకటి కావాలి, గళ్లున్న కాగితం, అనుకుంటే చేతి కింద నా దస్తావేజే ఉంది. లాయరు గుమాస్తా సోకుగా మూడు గళ్లు గీసి పెట్టాడు, రెండు గళ్లలో ఒక్కో పేరు, మధ్య గడిలో ‘తన వాటా మొత్తం వదులుకుని రాసిస్తున్నది వీరికి’ అన్న మాట. ఒక్కో పద్ధతిలో ఎలా వినిపిస్తుందో చూద్దాం, పిల్లలకు చూపిస్తే నా ఆనందం కూడా కాస్త పంచినట్టుంటుంది అనుకున్నాను. పిల్లలు అంటానుగానీ హోస్నీకి మనవలున్నారు. మూడో పద్ధతి పెట్టాను. మెషీన్ గొంతుకు మా వాళ్లు ‘అత్తగారు’ అని పేరు పెట్టారు, మొదలుపెడితే ఆపదని. అత్తగారు తన కట్టె గొంతుతో చదివింది, నాహెద్ రద్వాన్, తన వాటా మొత్తం వదులుకుని రాసిస్తున్నది వీరికి, మెద్‌హత్ రద్వాన్. నాకు నవ్వొచ్చింది. చూశారా ఎలా తలకిందులు చేసిందో అని క్లాసులో అందామనుకున్నాను. మొదటి పద్ధతి పెట్టాను. నాహెద్ రద్వాన్, తన వాటా మొత్తం వదులుకుని. వెనక్కి వెళ్లాను. మళ్లీ అదే. రెండోదానికి వెళ్తే గానీ, ఎడమ నుంచి కుడికి అన్నదానికి వెళ్తే గానీ, వారం రోజులుగా నేను విని విని ముద్దు పెట్టుకున్నంత పని చేసిన ఆ వాక్యం రాలేదు, మెద్‌హత్ రద్వాన్, తన వాటా మొత్తం వదులుకుని రాసిస్తున్నది వీరికి, నాహెద్ రద్వాన్. ఇద్దరు సాక్షులు ఒక మాట, ఒక్క సాక్షి ఇంకో మాట, ఆ ఒక్కడూ మన భాష రానివాడు. కుడివైపు ఆడవాళ్లు పెళ్లికూతురి తమ్ముణ్ణి తిడుతూనే ఉన్నారు, ముద్ర ఠప్‌మంటూనే ఉంది.

తప్పు నాదే, ముందు అది ఒప్పుకోవాలి. పోయిన నెల ఆ సాఫ్ట్‌వేర్ తాలూకు ఇంగ్లిష్ పుస్తకం వింటూ రెండో పద్ధతి పెట్టుకున్నాను, మార్చడం మరిచిపోయాను, అందరికీ చెప్పే మనిషిని, నాకు నేను చెప్పుకోలేదు. వంటచేసే మనిషి ఇంట్లో ఉప్పు లేకపోయినట్టు. కాగితం అన్నయ్య పంపాడు, లాయరు గీశాడు, అబద్ధం చదివింది మాత్రం నా మెషీన్, నేను పెట్టిన పద్ధతిలో, నా ఒళ్లో కూర్చుని. అయినా ఒక్కసారైనా అనుమానం రావద్దా? అలెగ్జాండ్రియా మొత్తం మీద చెల్లెలికి రాసిచ్చిన అన్న ఎవడు? చెల్లెళ్లు అన్నలకు రాసివ్వడం మా దగ్గర మామూలే, నవ్వుతూ రాసిచ్చేస్తారు, రాసివ్వనంటే ఎందుకివ్వవని పది మంది అడుగుతారు, రాసిస్తే ఎందుకిచ్చావని ఒక్కరూ అడగరు. పక్కింటి ఇన్సాఫ్ ముగ్గురు తమ్ముళ్లకు రాసిచ్చి ఇప్పుడు ఒక్కో నెల ఒక్కొక్కరింట్లో అతిథిగా ఉంటోంది, ఎవరింట్లో ఉన్నా సంచీ విప్పదు. ఇవన్నీ తెలిసీ నేను నమ్మాను. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మాను, మెషీన్ మీదకు తోసేస్తే ఏం లాభం.

నాలుగో అంతస్తు, డెబ్బై రెండు మెట్లు, మూడో మలుపులో ఒక మెట్టు విరిగింది. తలుపు తీస్తే ఎడమ చేతికి గోడ, గోడ వెంట పదకొండడుగులు వేస్తే వంటగది, అలమర మీద ఉప్పు, జీలకర్ర, ధనియాలు, ఎండు పుదీనా, ఆ వరుస అమ్మ నా కోసం పెట్టింది, ముప్పై ఏళ్లలో ఒక్క డబ్బా జరగలేదు. అమ్మ మంచం పట్టిన రెండేళ్లూ నేను ఆ పదకొండడుగులే వేస్తూ చేశాను, మందులు, స్నానం, దుప్పట్లు, సూపులు. అన్నయ్య శుక్రవారాలు వచ్చేవాడు, అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టేవాడు, గదిలో గాలి ఆడట్లేదు అనేవాడు, వెళ్లేవాడు. అమ్మ పోయిన మూడో రోజు వదిన సౌసన్ వంటగది శుభ్రం చేసింది. పాపం నువ్వు ఎలా నెట్టుకొస్తున్నావే ఈ కొంపలో, అంటూ డబ్బాలన్నీ తుడిచి ఎత్తు ప్రకారం పేర్చింది, చూడ్డానికి బాగుండేలా. మర్నాడు పరామర్శకు వచ్చినవాళ్లకు నేను పంచదార అనుకుని ఉప్పు వేసి టీ ఇచ్చాను. ఒక్కరూ ఏమీ అనలేదు, తాగేశారు, చావింట్లో ఏమంటారు. స్మూహాలో మా ఇంటికి వచ్చెయ్ నాహెద్, వెనక గది ఖాళీగానే ఉంది, ఇస్త్రీ బల్ల తీసేస్తే సరిపోతుంది అని ఆవిడ అప్పుడే అంది. ఇప్పుడు అర్థమవుతోంది అది జాలి కాదని. బిల్డర్లు ఆ వీధిలో పాత ఇళ్లు ఒక్కొక్కటే పడగొట్టి టవర్లు కడుతున్నారు, ఆ మాట వినిపించినప్పుడల్లా అన్నయ్య కుర్చీలో ముందుకు జరగడం నాకు వినిపించేది. కుర్చీ కిర్రుమనేది. విన్నాను, విని ఊరుకున్నాను.

కానీ అతనికి తెలుసా? అది తేలాలి. కాగితం విన్న రోజు ఏడుస్తూ ఫోన్ చేశాను, అన్నయ్యా, నన్ను ఇంత బాగా చూసుకుంటావనుకోలేదు, అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో అన్నాను. అటువైపు మాట లేదు. చాలాసేపు లేదు. నేను దాన్ని మొహమాటం అనుకున్నాను, మా అన్నయ్యకు పొగిడితే మాట రాదు అనుకున్నాను. తర్వాత అన్నాడు, అంతేగా నాహెద్, నీకు నేను కాక ఎవరున్నారు, ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది. ఇప్పుడు ఆ మాటలు తిప్పి తిప్పి చూస్తుంటే రెండు వైపుల నుంచీ చదవొచ్చు. నేను వెనక గదికి ఒప్పుకుని ఏడుస్తున్నాను అనుకుని ఉండొచ్చు కదా? చెల్లెలు ఇంత తేలిగ్గా ఒప్పుకుందే అని గొంతు పూడుకుపోయి ఉండొచ్చు కదా? అలా అయితే అతను దొంగ కాదు, మామూలు అన్న, ఊళ్లో అందరి అన్నల్లాగే. మర్నాడు కుందేలు మాంసం వేసి మొలొఖియా ఆకుకూర పులుసు వండి ట్రాములో స్మూహా దాకా పట్టుకెళ్లాను, వేడివేడిగా తిన్నాడు, నీ చేతి వంట అమ్మ వంటేనే అన్నాడు. అది తిన్నది ఎవరు, తెలిసినవాడా తెలియనివాడా? మెతుకు గొంతులో అడ్డుపడలేదు, అడ్డుపడితే నాకు వినపడేది.

నాకు పదేళ్లప్పుడు నా పాఠాలన్నీ అతనే చదివిపెట్టేవాడు. వీధిలో ఫుట్‌బాల్ మొదలైతే గబగబా పేజీలు దూకించేవాడు, ఒక వాక్యం పేజీ మొదటిది, తర్వాతి వాక్యం పేజీ చివరిది, నైలు నది మీద ఆనకట్టల పాఠం మొత్తం అలాగే మింగేశాడు. పరీక్షలో ఆనకట్టలే వచ్చాయి. నేను తప్పాను. నాన్న కొట్టబోతే, దాని తప్పు కాదు, నేను సరిగ్గా చదవలేదు అని తనే ముందుకొచ్చి రెండు దెబ్బలు తిన్నాడు, తర్వాత వారమంతా ఆడుకోవడానికి పోకుండా పుస్తకం మొదటి నుంచి చివరి దాకా, బొమ్మల కింద అక్షరాలు కూడా వదలకుండా చదివాడు, గొంతు బొంగురుపోయింది, అమ్మ సోంపు కషాయం కాచి ఇచ్చింది. ఆ పిల్లాడు నా దగ్గర ఉన్నాడు. ఆ పిల్లాడి మీద నమ్మకంతో నేను ఇక్కడిదాకా వచ్చాను. ఇల్లు పోతే పోయింది అని ఒక్క క్షణం అనిపించింది కూడా, అన్నయ్య అడిగి ఉంటే, నాహెద్, ఇలా ఇబ్బందుల్లో ఉన్నాను, నాకు రాసివ్వు అని నోటితో అడిగి ఉంటే, నేను పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, ఒకవేళ ఇచ్చేదాన్నేమో. అడగలేదు కదా. తెలుగు వాళ్లయితే దీన్ని వరుస తప్పడం అంటారని పదేళ్లు మా సంఘంలో పనిచేసిన ఒక రాజమండ్రి నర్సు చెప్పేది, చుట్టరికానికీ, ఒకదాని వెనక ఒకటి ఉండటానికీ వాళ్లకు ఒకటే మాటట. అప్పుడు వింతగా ఉండేది.

నిమ్మ వాసన వచ్చింది. అన్నయ్య రాసుకునే కొలోన్, హైస్కూలు రోజుల నుంచీ అదే. ల్యాప్‌టాప్ మూసేశాను, వైర్లు తీసేశాను, చేతులు సంచి పట్టీ కింద పెట్టుకున్నాను.

“అబ్బబ్బ, ఒక్క స్టాంపుకి మూడు కిటికీలు తిప్పారే! నడుం పడిపోయింది,” అంటూ పక్కన కూలబడ్డాడు. “టీ తాగుతావా?”

“వద్దు. అన్నయ్యా, మెషీన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఆ కాగితం ఒక్కసారి చదివి పెట్టవూ.”

“ఇప్పటికి ఎన్నిసార్లు విన్నావే తల్లీ. కంఠతా వచ్చేసి ఉంటుంది.”

“మెషీన్ గొంతుతో విన్నాను. నీ గొంతుతో వినలేదు కదా.”

కాగితం తీసిన చప్పుడు. విప్పిన చప్పుడు. నేను లోపల వేడుకుంటున్నాను, ఇంత గట్టిగా ఎప్పుడూ ఎవర్నీ వేడుకోలేదు, అమ్మ ఊపిరి ఆడనప్పుడు దేవుణ్ణి కూడా, చదువు అన్నయ్యా, కుడి నుంచి చదువు, నా పేరు ముందు చదువు, చదివి తిట్టించుకో, నేను అరుస్తాను, ఈ వరండా అంతా వినేలా అరుస్తాను, తర్వాత నువ్వు నా అన్నవే. చదవనని చెప్పినా చాలు. తల నొప్పి అని చెప్పు, కళ్లద్దాలు మరిచిపోయానని చెప్పు. గొంతు సవరించుకున్నాడు.

“మెద్‌హత్ రద్వాన్,” అని మొదలుపెట్టాడు. “తన వాటా మొత్తం వదులుకుని రాసిస్తున్నది వీరికి. నాహెద్ రద్వాన్.” కొంచెం ఆగి, “విన్నావుగా? అంతే ఉంది,” అన్నాడు.

తడబడలేదు. ఒక్క అక్షరం దగ్గర కూడా తడబడలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కుడి నుంచి ఎడమకు చదువుతున్న మనిషి, యాభై ఎనిమిదేళ్ల మనిషి, నా కోసం ఎడమ నుంచి చదివాడు. అంటే తెలుసు. ఫోన్లో నేను ఏడ్చిన క్షణం నుంచే తెలుసు, ఎలా పొరబడ్డానో తెలియకపోయినా పొరబడ్డానని తెలుసు, ఆ చాలాసేపు మాట లేకపోవడం మొహమాటం కాదు, లెక్క చూసుకోవడం. మొలొఖియా తిన్నది తెలిసినవాడే. నాకు ఏడుపు రాలేదు. చిత్రంగా, హోస్నీ గుర్తొచ్చాడు, ఆ రోజు స్టేషనులో ఎంతసేపు నిలబడ్డాడో, రైలు వెళ్లిపోయిందని అతనికి చివరకు ఎవరు చెప్పారో నేను అడగనే లేదు, నవ్వడం తప్ప.

“మా అన్నయ్య ఎంత బాగా చదువుతాడో,” అన్నాను.

“ఊరుకో,” అన్నాడు, నవ్వుతూ. నా చేతి మీద తట్టాడు. ఆ తట్టడంలో ప్రేమ ఉంది, అదే నన్ను చంపేసింది, దొంగతనం చేస్తూ కూడా మనిషికి ప్రేమ ఉండొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

కిటికీ లోపల నుంచి మా పేర్లు పిలిచారు. అన్నయ్య నా మోచెయ్యి పట్టుకుని లేపాడు, ఇటు, ఇటు, గడప ఉంది చూసుకో అంటూ, చాలా జాగ్రత్తగా నడిపించాడు. ఆఫీసు గుమాస్తాది పెద్ద వయసు గొంతు, సిగరెట్ల గొంతు. కాగితాలు తిప్పాడు.

“రాసిస్తున్నది మీరేనా అమ్మా, హాజ్జా? కళ్లు కనపడవు కదా మీకు. వేలిముద్ర వేస్తారా?”

“సంతకం చేస్తుందండీ, టీచరమ్మ,” అన్నాడు అన్నయ్య, నా కన్నా ముందు. గొంతు కొంచెం పెరిగింది. “తొందరగా కానివ్వండి, పాపం ఆవిడకు నాలుగింటికి క్లాసుంది.”

“చదివి వినిపించారా ఆవిడకు?”

“ఓ, చాలాసార్లు. కంప్యూటర్లో తనే వింది. ఇప్పుడు ఆ బెంచీ మీద నేను కూడా చదివి వినిపించాను, అందరూ చూశారు.”

“మిమ్మల్ని కాదు సార్. ఆవిడ చెప్పాలి.”

కలం నా వేళ్ల మధ్యకు వచ్చింది, అన్నయ్యే పెట్టాడు, సంతకం చేసే చోట నా వేలిని ఆనించి కూడా పెట్టాడు. నేను కలాన్ని కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టాను.

“లేదండీ,” అన్నాను. “నాకింతవరకు ఎవరూ చదివి వినిపించలేదు. మీరు చదవండి. కుడి నుంచి.”

వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. నాహెద్, ఏంటే ఇది, అన్నాడు అన్నయ్య, చాలా మెల్లగా, ఒక్కసారే. గుమాస్తా కాగితాన్ని దగ్గరకు లాక్కుని, ఆఫీసులో చదవాల్సినట్టుగా, పొడిగా, గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు నాదే. రెండో పేరు దాకా వచ్చేసరికి నా మోచేతి మీద చెయ్యి లేదు.